తిమింగలాల మీద పరిశోధన: హెచ్-ఇండెక్స్ చూసి భయపడాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం. తిమింగలాలు, డాల్ఫిన్ల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. తనకు బాగా నచ్చిన ఒక శాస్త్రవేత్త ప్రొఫైల్ చూపించింది. ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్నా ఆమె హెచ్-ఇండెక్స్ 28. మా బంధువులబ్బాయి క్యాన్సర్ పరిశోధనలో ఉన్నాడు, పదేళ్లకే అతనిది అంతకంటే ఎక్కువ. ఈ రంగంలో ఎదుగుదల ఉండదా?

జవాబు: ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడకండి. హెచ్-ఇండెక్స్ 28 అంటే, ఆమె రాసిన వాటిలో 28 పేపర్లను ఒక్కొక్కదాన్నీ కనీసం 28 సార్లు ఇతరులు తమ పేపర్లలో ప్రస్తావించారని అర్థం. క్యాన్సర్ మీద రాసేవాళ్లు లెక్కలేనంత మంది, కాబట్టి ప్రస్తావించేవాళ్లూ అంతే. సముద్ర క్షీరదాల మీద పనిచేసేవాళ్లు అందులో చిన్న వంతు కూడా ఉండరు. పోల్చాలంటే అదే రంగంలో, అన్నేళ్ల అనుభవమే ఉన్నవాళ్లతో పోల్చండి.

ఈ జంతువుల సంగతి కూడా చూడాలి. డాల్ఫిన్ల కుటుంబానికే చెందిన కిల్లర్ వేల్ (ఓర్కా) కడుపుతో ఉండేదే 17, 18 నెలలు. పుట్టిన ఆడపిల్ల మళ్లీ తల్లి కావడానికి పదేళ్లు దాటుతుంది. ఒక గుంపు పెరుగుతోందా, తరిగిపోతోందా చెప్పాలంటే ఏళ్ల తరబడి లెక్క రాస్తూ కూర్చోవాలి. పేపర్లు చకచకా రావు.

కెనడాలో మైకేల్ బిగ్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవారు. అక్వేరియంల కోసం కిల్లర్ వేల్స్‌ను పట్టుకెళ్తున్న రోజుల్లో, అసలు ఎన్ని ఉన్నాయో తేల్చే పని 1970ల మొదట్లో ఆయన మీద పడింది. వీపు మీది రెక్కకున్న గాట్లు, దాని వెనకాల ఉండే బూడిద రంగు మచ్చ ఏ రెండింటికీ ఒకేలా ఉండవని గమనించి, ఫొటోలతో ఒక్కో జంతువునూ గుర్తుపట్టే పద్ధతిని ఆయన బృందం అభివృద్ధి చేసింది. తీరా లెక్క తేలితే కొన్ని వందలే. అదే తీరంలో చేపలు తినేవి వేరు, సీల్స్‌ను వేటాడేవి వేరు అని కూడా ఆ ఫొటోల వల్లే బయటపడింది. 1990లో ఆయన పోయారు. సీల్స్‌ను వేటాడే ఆ రకాన్ని ఇప్పుడు బిగ్స్ కిల్లర్ వేల్స్ అంటారు. ఆ ఫొటో పట్టికకు నేటికీ కొత్త పిల్లల్ని చేర్చుతూనే ఉన్నారు. దీని విలువ ఏ ఇండెక్స్‌లో కనిపిస్తుంది చెప్పండి?

2003లో కెనడాలోని బే ఆఫ్ ఫండీ అనే అఖాతంలో, రైట్ వేల్స్ అనే రకం తిమింగలాలను ఓడలు ఢీకొనకుండా ఓడలు వెళ్లే దారినే పక్కకు జరిపారు. అవి ఎక్కడ గుమిగూడతాయో ఏళ్ల తరబడి నమోదుచేసిన సమాచారం ఉండబట్టే అది సాధ్యమైంది. నా దృష్టిలో ఈ రంగంలో ప్రభావం అంటే ఇదే. ఆ శాస్త్రవేత్త పేపర్లను ప్రభుత్వ నివేదికలు, చేపల వేట నిబంధనలు ఎక్కడైనా వాడుకున్నాయేమో మీ అమ్మాయిని వెతకమనండి.

ఇక కష్టాలు. పీహెచ్‌డీ తప్పనిసరి అనుకోండి. ఆ తర్వాత రెండు మూడు పోస్ట్‌డాక్‌లు (తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), గ్రాంట్ల కోసం ఎదురుచూపులు మామూలే. శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. సముద్రం మీద గడిపేది కొన్ని వారాలైతే, కంప్యూటర్ ముందు కూర్చునేది నెలల తరబడి. అందుకే తను ఇప్పటినుంచే స్టాటిస్టిక్స్, దానికి వాడే ‘ఆర్’ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకోవాలి. వీలైతే నీటి అడుగున శబ్దాలను రికార్డు చేసి విశ్లేషించడం కూడా. ఈ రంగానికి వచ్చే పిల్లల్లో చాలామంది డాల్ఫిన్ల మీద ప్రేమతో వస్తారు, లెక్కల దగ్గర ఆగిపోతారు. ఆ నైపుణ్యం ఉంటే విశ్వవిద్యాలయంలో చోటు దొరక్కపోయినా మత్స్యశాఖల్లో, ఓడరేవులకూ సముద్రంలోని గాలిమరలకూ పర్యావరణ ప్రభావ అధ్యయనాలు చేసే సంస్థల్లో పని ఉంటుంది. డేటా రంగానికీ మారొచ్చు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేరు ప్రఖ్యాతుల కన్నా ఆయన దగ్గర ఎన్నేళ్ల డేటా ఉందో ముందు అడగాలి. ఫ్లోరిడాలోని సారసోటాలో 1970లో మొదలైన డాల్ఫిన్ల అధ్యయనం ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని దశాబ్దాలుగా నడిపిస్తున్న ర్యాండల్ వెల్స్ అందులో చేరింది హైస్కూలు విద్యార్థిగానే. అలాంటి చోట చేరిన విద్యార్థి తాను పుట్టకముందు నుంచీ పోగైన సమాచారంతో మొదటి రోజే పని మొదలుపెట్టగలదు.

డబ్బు కట్టించుకుని పడవలో తిప్పే ఇంటర్న్‌షిప్‌లు చాలా ఉన్నాయి. ఏం నేర్పిస్తారో రాతపూర్వకంగా చెప్పకపోతే పైసా కట్టకండి. ఈ సెలవుల్లో ఆ శాస్త్రవేత్త పేపరు ఒకటి తీసుకుని, అందులో పద్ధతులు రాసిన భాగాన్ని పూర్తిగా అర్థమయ్యేదాకా చదవమనండి. అర్థం కాని చోటును మెయిల్‌లో సూటిగా అడగమనండి. నెల రోజులు ఆ లెక్కలతో కుస్తీ పట్టాక కూడా తనకు ఇదే కావాలనిపిస్తే, పీజీకి ఎక్కడ అప్లై చేయాలో కలిసి చూద్దాం.