ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో అడుగు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి భోజనాల వేళ మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు గుడ్డ టాపు చిరిగిన పాత థార్ జీపు కొంటానంటోంది అన్నయ్యా, నువ్వన్నా చెప్పు" అంది. సరేనని పెట్టేశాను గానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఒకపక్క గుండె నిండిపోయింది. మన ఇంట్లో ఆడపిల్ల సొంత జీతంతో జీపు కొనడం ఇదే మొదలు. పదేళ్లప్పుడు మైపాడు రోడ్డు మీద నా ఒళ్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్నావు, గుర్తుందా? "ఇంకా స్పీడు మావా" అని ఒకటే అరుపు. ఇంకోపక్క "టాపు చిరిగింది" అన్న మాట చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. అందుకే తెల్లారగానే ఇది రాస్తున్నా.

ముందు తిట్లు తిను. చెన్నైలో ఉన్న బండిని ఫోన్లో ఫొటోలు చూసి ఇరవై వేలు అడ్వాన్సు ఎట్టా పంపావమ్మా? చీర కొనాలంటే కొంగు, అంచు, మడతలు అన్నీ విప్పించి చూస్తావు. అయిందేదో అయింది. మిగతా డబ్బులో ఒక్క రూపాయి కూడా బండిని కళ్లారా చూడకుండా ఇవ్వొద్దు.

ఇంజను సంగతి నీకు తెలియంది కాదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించు, పొగ చూడు, ఫోర్ వీల్ లివర్ వేసి నడిపి చూడు, చాసీ నంబరు ఆర్సీతో సరిపోల్చుకో. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లు. ఇవి అందరూ చెప్పేవే.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. మీ అత్తయ్యకూ నాకూ తప్ప ఇన్నేళ్లూ ఎవరికీ తెలియదు.

1993లో ఒంగోలు దగ్గర ఒకాయన దగ్గర పాత డీజిల్ జీపు కొన్నాను. డ్రైవర్ నెత్తి మీద కుట్టు జానెడు ఊడిపోయి, టాపు వేలాడుతోంది. "గుడ్డ ఒక్కటే పోయిందయ్యా, బండి బంగారం. టాపు కుట్టించుకుంటే ఇరవై ఏళ్లు చూడక్కర్లేదు" అన్నాడు. నేను ఇంజను శబ్దం విన్నాను, గేర్లు వేశాను, టైర్లు తట్టాను. టాపు పేరు చెప్పి మూడు వేలు తగ్గించాను. తగ్గించానన్న సంబరంలో అసలు ప్రశ్న అడగలేదు. ఆ కుట్టు ఊడి ఎన్నాళ్లయింది? అన్నాళ్లూ లోపల పడిన వాన నీళ్లు ఎక్కడికి పోయాయి?

కావలిలో ఆకుపచ్చ కాన్వాస్‌తో కొత్త టాపు కుట్టించాను. ఊళ్లో అందరూ ఆగి చూసేవాళ్లు. పైన కొత్త గుడ్డ మెరుస్తుంటే కింద ఏం జరిగిందో నేను చూడలేదు. రబ్బరు మ్యాటు కింద ఎవరో గోనెపట్ట పరిచారు. అది వానకు తడిసేది, ఆరేది కాదు. దాని కింద రేకు రెండు మూడేళ్లుగా తుప్పు పడుతోంది. డ్యాష్‌బోర్డు కింద వైర్ల అతుకులకు పచ్చగా చిలుము పట్టింది.

ఆ ఏడు కార్తీకంలో ఉదయగిరి నుంచి పెళ్లి చూసుకుని రాత్రి పూట వస్తున్నాం. మీ అత్తయ్య ముందు సీట్లో ఉంది. మూడేళ్ల మా అమ్మాయి, అదే మీ వదిన, ఆవిడ కాళ్ల మధ్య నిలబడి డ్యాష్‌బోర్డు పట్టుకుని ఉంది. వింజమూరు దాటాక కుండపోత వాన మొదలైంది. హెడ్‌లైట్లు ఒకసారి రెపరెపలాడాయి. తర్వాత మొత్తం ఆరిపోయాయి. చిమ్మచీకటి. నేను బ్రేకు తొక్కాను. ఆ కుదుపుకు పిల్ల బరువంతా కిందికి పడింది. మ్యాటు ఒక్కసారిగా కిందికి జారింది. పిల్ల ఎడమ కాలు మోకాలి దాకా బండి అడుగు నుంచి బయటికి దిగిపోయింది, బుజ్జమ్మా. బండి ఇంకా కదులుతూనే ఉంది.

మీ అత్తయ్య పిల్ల చంకల్లో చేతులు వేసి లాగేసింది. ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వెనక వస్తున్న లారీ మా బండికి బారెడు దూరంలో ఆగింది. ఆ డ్రైవర్ దిగి టార్చి వేస్తే, బండిలో నుంచి రోడ్డు కనపడింది. తడిసిన తారు, దాని మీద మీ వదిన చెప్పు ఒకటి. ఆయనే మమ్మల్ని లారీ ఎక్కించుకుని కావలి చేర్చాడు. తుప్పు రేకు కోసుకుందని ఆ రాత్రే ఇంజెక్షన్ వేయించాం, ఆరు కుట్లు పడ్డాయి.

మీ వదిన కాలి మీద మచ్చ చూశావుగా, సైకిలు మీంచి పడిందని చెప్పుకుంటూ వచ్చాం. అసలు సంగతి ఇదీ. ఆ పిల్లకు కూడా నిన్న రాత్రే ఫోన్ చేసి చెప్పాను. నీకు చెప్పాలంటే ముందు తనకు చెప్పాలి కదా.

అందుకే నీకు చెప్పేది ఇది. టాపు ధర ఎంతో తర్వాత చూద్దాం, కొత్తది కుట్టించుకోవచ్చు. పాత టాపు కింద ఏం తడిసిందో ముందు చూడాలి. మ్యాట్లు మొత్తం ఎత్తించు. వద్దంటే బండి వద్దని వచ్చేయ్. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరంతా తట్టు. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టింది మెత్తగా పలుకుతుంది. కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించు. ఫ్యూజు బాక్సు మూత తీసి చిలుము ఉందేమో చూడు. తలుపులు వేసుకుని పది నిమిషాలు లోపల కూర్చో, తడి మిగిలుంటే బూజు వాసన వస్తుంది. సెంటు బిళ్ల వేలాడదీసి ఉంటే అది తీసి బయట పెట్టి మరీ కూర్చో.

బండి 2014ది, చెన్నైది అంటున్నావు. 2015 డిసెంబర్ వరదల్లో ఆ ఊళ్లో ఎన్ని బండ్లు మునిగాయో తెలుసుగా. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, మునిగిన బండి అయితే లోపలి భాగంలో బురద చార ఉంటుంది. సీట్ల కింద బోల్టులు, హెడ్‌లైట్ల లోపలి మూలలు చూడు. ఇన్సూరెన్సు క్లెయిము ఏమన్నా ఉందా అని అడుగు.

తర్వాత టాపు. వేలితో కుట్టు మీద గట్టిగా లాగు. దారం ఒక్కటే తెగి గుడ్డ గట్టిగా ఉంటే మళ్లీ కుట్టిస్తే సరిపోతుంది. గుడ్డే చిరిగితే, లోపలి పూత పొడిలా రాలితే, కొత్తది తప్పదు. బటన్లు అందకపోతే టాపు కుంచించుకుపోయిందన్నమాట. పైపుల ఫ్రేము వంగిందేమో పక్క నుంచి చూడు. వంగిన ఫ్రేము మీద ఎంత మంచి టాపు వేసినా మధ్యలో నీళ్లు నిలుస్తాయి, హైవే మీద డపడపా కొట్టుకుంటుంది. ప్లాస్టిక్ కిటికీలు పసుపు పచ్చగా మారితే మార్పించు. రాత్రి వానలో వెనక వచ్చే బండ్ల లైట్లు వాటిలో చెదిరిపోయి ఏమీ కనపడదు. కొత్తది కుట్టిస్తే నూలు దారం వద్దు, పాలిస్టర్ దారంతో మడత కుట్టు వేయమను. తారు, బంక పూసి చిల్లులు మూస్తామనేవాళ్ల మాట వినకు. తడి టాపును ఎప్పుడూ మడవకు, సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్లు టాపు మీద కొట్టనివ్వకు.

మన దగ్గర వాన అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ దాకా పట్టుకుంటుంది. 2021 నవంబర్‌లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, హైవే మీద బండ్లు ఆగిపోయిన రోజులు నువ్వు చూశావు. ఆ వానలో నువ్వు ఒక్కదానివే ఆ బండిలో ఉంటావన్న ఆలోచనే నన్ను పడుకోనివ్వడం లేదు.

ఇంకో మాట. పాత థార్‌లో వెనక సీట్లు ఎదురెదురుగా, పక్కల వెంబడి ఉంటాయి. మీ అక్క పిల్లలు ఏడ్చినా సరే, వాళ్లను అక్కడ కూర్చోబెట్టి హైవే ఎక్కకు. బండి బోల్తా పడితే గుడ్డ టాపు ఎవరినీ కాపాడదు.

కాగితాల విషయానికి వస్తే, తమిళనాడు ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీని, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితాన్ని, బండి అమ్మేవాళ్లతోనే తీయించు, అది ఫారం 28. బండి నీ పేరు మీదికి మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉండి ఉంటే అది తీరిందని ఫారం 35 తీసుకో. ఇక్కడికి వచ్చాక లైఫ్ ట్యాక్స్ కట్టి మన నంబరు తీసుకోవాలి, ఆ డబ్బు బేరంలోనే లెక్కవేసుకో. ఇన్సూరెన్సు 14 రోజుల్లోగా నీ పేరు మీదికి మార్పించు. రిజిస్ట్రేషన్ 2029తో అయిపోతుంది, ఆ పైన ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

ఇదంతా చదివి మావ వద్దంటున్నాడని అనుకోకు. ఫ్లోరు మొత్తం కొత్త రేకు వేయించి, వైరింగు మార్పించి, ఆ జీపునే ఇంకో పదకొండేళ్లు నడిపాను. సాయంత్రం టాపు వెనక్కి మడిచి మైపాడు వెళ్తుంటే, సముద్రం కనపడకముందే ఉప్పుగాలి మొహానికి తగిలేది. నీకు కావలసింది అదేనని నాకు తెలుసు. నీ చేతిలో స్టీరింగు మొదట పెట్టింది నేనే కదా తల్లీ.

శనివారం పినాకినీ రైలెక్కి మధ్యాహ్నానికి చెన్నై దిగుతాను. మీ అత్తయ్య సున్నుండలు కట్టిస్తానంది. నీళ్ల పైపు ఉన్న చోట బండి పెట్టమని వాళ్లకు చెప్పు, అరగంట టాపు మీద నీళ్లు కొట్టించి లోపల నేను కూర్చుంటా. మ్యాటు మాత్రం నువ్వే ఎత్తాలి. నేను టార్చి పట్టుకుంటాను.

మీ మావ