లివర్ సిర్రోసిస్‌కి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే బాగవుతుందా?

మీ నాన్నగారి తుంటి ఎముక మూలుగ నుంచి స్టెమ్ సెల్స్ (మూలకణాలు) తీసి లివర్‌లోకి ఎక్కిస్తాం, మార్పిడి ఆపరేషన్ అక్కర్లేదు అని ఒక సెంటర్ వాళ్ళు చెప్పారని, డబ్బు కట్టొచ్చా అని మీరు అడిగారు. కట్టకండి. మా బావగారి విషయంలో ఇంచుమించు ఇదే బేరం మా ఇంటికీ వచ్చింది.

ఆయనకి పొట్టలో నీరు చేరడం, సూదితో తీయించడం, వారం తిరక్కుండా మళ్ళీ చేరడం. కాళ్ళ వాపుకి చెప్పులు పట్టేవి కావు. అలాంటప్పుడు ఎవరైనా "కోత లేదు, మీ కణాలే మీకు" అంటే ప్రాణం అటే లాగుతుంది. అక్క గాజులు బ్యాంకులో పెట్టేదాకా వచ్చింది. నేను వాళ్ళని ఒక్కటే అడిగాను: ఇది ట్రయలా, అంటే ఇంకా పరీక్షించి చూస్తున్న ప్రయోగమా, లేక చికిత్సా? ట్రయల్ అయితే సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, పేషెంటు దగ్గర డబ్బు గుంజకూడదు. చికిత్స అంటారా, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకి చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప మిగతావన్నీ ట్రయల్ లోపలే జరగాలి. నంబరు రాలేదు. రంగుల బ్రోచరు వెనక పెన్నుతో రాసిన ప్యాకేజీ రేటు వచ్చింది, ఈ వారంలో చేరితే డిస్కౌంటట! ప్రాణాంతక జబ్బుకి డిస్కౌంటేమిటో.

లివర్‌కి తిరిగి పెరిగే గుణం ఎలాగూ ఉంది. దాత నుంచి సగానికి పైగా తీసినా కొన్ని నెలల్లో దాదాపు మునుపటంత అవుతుంది. సిర్రోసిస్‌లో చిక్కు అది కాదు. లోపలంతా మచ్చకట్టి రక్తం పారే దారులే చెడిపోతాయి. చవుడు తేలిన చేలో ఎన్ని విత్తనాలు చల్లితే ఏం లాభం? బ్రిటన్‌లో 81 మంది సిర్రోసిస్ పేషెంట్లతో పద్ధతిగా ట్రయల్ చేసి 2018లో ఫలితం ప్రచురించారు. సొంత స్టెమ్ సెల్స్ ఎక్కించినవాళ్ళకీ లివర్ పనితీరు మెరుగుపడలేదు.

అలాగని స్టెమ్ సెల్ అంటేనే మోసం అనేవాళ్ళతోనూ నాకు పేచీయే. కంటి నల్లగుడ్డు అంచు మూలకణాలతో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఏళ్ళుగా చూపు తెప్పిస్తున్నారు. 2025లో వర్టెక్స్ కంపెనీ ట్రయల్‌లో, ల్యాబులో స్టెమ్ సెల్స్ నుంచి తయారుచేసిన ఇన్సులిన్ కణాలు పూర్తి డోసు ఎక్కించిన 12 మంది టైప్ 1 షుగర్ పేషెంట్లలో 10 మందికి ఏడాది తర్వాత ఇంజెక్షన్ అవసరం లేకపోయింది. వాళ్ళూ ఇమ్యూనిటీని అణిచే మందులు వాడాల్సిందే, అది వేరే సంగతి. మూలుగ తీసి అలాగే ఎక్కించడానికీ దీనికీ పోలికే లేదు.

చివరికి అక్కే తన లివర్‌లో ముక్క ఇచ్చింది. బావగారు ఇప్పుడు, కొత్త లివర్‌ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ మాత్ర వేళ తప్పకుండా వేసుకుంటూ షాపుకి వెళ్ళొస్తున్నారు.

మీరు ముందు హెపటాలజిస్టు (లివర్ డాక్టరు) దగ్గర మెల్డ్ స్కోరు, అంటే జబ్బు ఎంత ముదిరిందో చెప్పే లెక్క, ఎంతుందో తెలుసుకోండి. మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్ళ అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం) పేరు నమోదు చేయించండి. ఇంట్లో ఇచ్చేవాళ్ళుంటే వాళ్ళ టెస్టులు ఇప్పుడే మొదలుపెట్టండి. దాతకి ఫ్యాటీ లివర్ ఉంటే ముందు బరువు తగ్గమంటారు, దానికే నెలలు పట్టొచ్చు.