నిద్ర కోసం మెగ్నీషియం: గుండె లయ తప్పినవారు వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 64. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. రెండేళ్ల క్రితం గుండె దడతో ఆసుపత్రిలో చేరితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం అన్నారు. అప్పటి నుంచి మెటోప్రోలాల్ 50 ఒకటి, అపిక్సాబాన్ 5 రోజుకు రెండుసార్లు వాడుతున్నాను. కాళ్ల వాపులకు టోర్సిమైడ్ 10 ఇచ్చారు. ఉదయం వేసుకుంటే బయటకు వెళ్లడానికి ఇబ్బందవుతోందని సాయంత్రం ఆరు గంటలకు వేసుకుంటున్నాను. కడుపులో మంటకు పాంటాప్రజోల్ ఐదారేళ్లుగా అలవాటైంది. రాత్రి పదింటికి పడుకుంటే పన్నెండుకు, రెండుకు, నాలుగుకు మెలకువ వస్తోంది. గట్టిగా గురక పెడుతున్నానని, మధ్యలో ఊపిరి ఆగినట్టయి తనకు భయమేస్తోందని నా భార్య అంటోంది. డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయి మెగ్నీషియం గ్లైసినేట్ సీసా పంపి, గుండెకూ నిద్రకూ మంచిదని రోజూ వేసుకోమంటోంది. ఇంకా మూత తీయలేదు. నాలుగు నెలల కిందటి పరీక్షలో క్రియాటినిన్ 1.5 ఉంది. వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మూత తీయకుండా ఆగి మంచి పని చేశారు. మరో వారం అలాగే ఉంచండి. మీ అమ్మాయి మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం మీకు ఎంతవరకు వర్తిస్తుందో తేల్చవలసినవి మీ మూత్రపిండాలు, మీరు ఇప్పటికే వాడుతున్న మందులు. సీసా మీది రాతలు ఆ పని చేయలేవు.

మన ఒంట్లో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లోను, మిగిలినదాంట్లో చాలా భాగం కండరాల్లోను ఉండగా, రక్తంలో తిరిగేది ఒక శాతం కూడా ఉండదు. ఆ కొద్దిపాటి మెగ్నీషియానికే గుండె లయలో పెద్ద పాత్ర ఉంది. ప్రతి స్పందన తర్వాత గుండె కణం మళ్లీ సిద్ధం కావాలంటే, సోడియాన్ని బయటకు తోసి పొటాషియాన్ని లోపలికి లాగే యంత్రాంగం సక్రమంగా నడవాలి. దానికి మెగ్నీషియం తప్పనిసరి. పైగా మెగ్నీషియం తగ్గినప్పుడు మూత్రపిండాలు పొటాషియాన్ని నిలబెట్టుకోలేక మూత్రంలో వదిలేస్తాయి కనుక, అలాంటి రోగికి పొటాషియం సిరప్ ఎంత తాగించినా లోటు తీరదు. టోర్సాడ్ డి పాయింట్స్ అనే ప్రాణాంతకమైన లయభంగంలో, రక్తంలో మెగ్నీషియం మామూలుగా ఉన్నా సరే, 2 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్‌ను నరంలోకి ఎక్కించడం ప్రపంచమంతటా పాటించే చికిత్స. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో తరతరాలుగా సాగుతున్న గుండె అధ్యయనం నుంచి 2013లో వెలువడిన ఒక పరిశీలనలో, రక్తంలో మెగ్నీషియం అతి తక్కువగా ఉన్న వర్గంలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువగా కనిపించింది.

ఇవన్నీ చెప్పేది లోటు ఉంటే ప్రమాదమని, అత్యవసరంలో ఇంజెక్షన్ పనికొస్తుందని మాత్రమే. లోటు లేనివారు రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటే లయ కుదురుతుందని వీటిలో ఏదీ నిరూపించలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడాను ప్రకటనలు చెరిపేస్తున్నాయి. నన్ను బాధపెట్టే విషయం అదే.

నిద్ర సంగతికి వస్తే ఆధారం మరీ పలచన. నిద్రలేమి ఉన్న పెద్ద వయసువారిపై జరిగిన ప్రయోగాలను 2021లో ఒకచోట చేర్చి పరిశీలిస్తే దొరికినవి మూడే. వాటిలో పాల్గొన్నవారు మొత్తం 151 మంది. మెగ్నీషియం తీసుకున్నవారికి నిద్ర పట్టడానికి పట్టే సమయం సగటున 17 నిమిషాలు తగ్గింది. మొత్తం నిద్ర మాత్రం నమ్మకంగా చెప్పగలిగినంత పెరగలేదు. ఆ ప్రయోగాల నాణ్యత కూడా తక్కువేనని పరిశీలకులే రాశారు. మీ ఇబ్బంది నిద్ర పట్టకపోవడం కాదు, పట్టిన నిద్ర తెగిపోవడం. కాబట్టి ఆ 17 నిమిషాల లాభం నిజమే అయినా మీకు ఒరిగేది తక్కువ.

ఇక మీ మందుల జాబితా చూద్దాం. టోర్సిమైడ్ ఒంట్లో నీటితో పాటు పొటాషియాన్ని, మెగ్నీషియాన్ని కూడా బయటకు పంపుతుంది. పాంటాప్రజోల్ వంటి మందులను ఏడాదికి మించి వాడినవారిలో కొందరికి పేగులు మెగ్నీషియాన్ని సరిగా పీల్చుకోలేవు; దీని గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరిక ఇచ్చింది. ఈ రెండూ కలిసి మీకు నిజంగానే లోటు తెచ్చి ఉండవచ్చు. మరోవైపు, మీ వయసుకు క్రియాటినిన్ 1.5 అంటే మూత్రపిండాల వడపోత సామర్థ్యం 50 దగ్గర ఉన్నట్టు లెక్క. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటకు పంపే బాధ్యత మూత్రపిండాలదే. ఆ సంఖ్య 30 కంటే తగ్గినవారు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా మెగ్నీషియం మాత్రలు ముట్టకూడదు. మీరు ఆ హద్దుకు పైనే ఉన్నారు, కానీ ఆ పరీక్ష నాలుగు నెలల పాతది. అందుకని మెగ్నీషియం, పొటాషియం, క్రియాటినిన్ మూడూ ఒకేసారి చేయించుకుని, ఒక ఈసీజీ కూడా తీయించుకుని మీ గుండె వైద్యుడిని కలవండి. మెగ్నీషియం 1.7 కంటే తక్కువగా వస్తే ఆయనే మోతాదు రాస్తారు, కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తారు. పాంటాప్రజోల్ ఇంకా అవసరమా అని కూడా అప్పుడే అడగండి. రక్తం గడ్డకట్టకుండా చూసే అపిక్సాబాన్‌ను మాత్రం మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపవద్దు. మెగ్నీషియంతో దానికి చెప్పుకోదగ్గ పేచీ లేదు.

సీసా మీది అంకెను చదవడంలో ఒక చిక్కుంది. గ్లైసినేట్ అనేది మెగ్నీషియం మరో పదార్థంతో కలిసిన సమ్మేళనం; దాని బరువులో అసలు మెగ్నీషియం సుమారు 14 శాతం మాత్రమే. కొన్ని సీసాల మీద సమ్మేళనం బరువు, మరికొన్నింటి మీద అసలు మెగ్నీషియం బరువు ముద్రిస్తారు కనుక, 500 అని ఉంటే అది 70 మిల్లీగ్రాములూ కావచ్చు, పూర్తిగా 500 కూడా కావచ్చు. ఆరోగ్యవంతులు సైతం మాత్రల రూపంలో రోజుకు 350 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా ప్రమాణం. సీసాను వెంట తీసుకెళ్లి వైద్యుడికి చూపించండి. అవసరం లేకుండా ఎక్కువ మోతాదు వేసుకుంటే విరేచనాలై పొటాషియం పోతుంది. గుండె లయ తప్పినవారికి అంతకంటే చేటు మరొకటి ఉండదు.

మీ ఉత్తరంలో మీరు ప్రశ్నగా అడగని రెండు విషయాలే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించాయి. టోర్సిమైడ్ వేసుకున్న గంటలోపే పని మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలపాటు మూత్రం తెప్పిస్తుంది. ఆరింటికి వేసుకున్న మాత్ర పన్నెండుకు, ఒక్కోసారి రెండుకు కూడా లేపడంలో ఆశ్చర్యం లేదు. మీ వైద్యుడికి చెప్పి దాన్ని ఉదయానికి మార్చుకోండి. బయటకు వెళ్లవలసిన రోజున తిరిగి వచ్చాక, మధ్యాహ్నం రెండు గంటలకు వేసుకోవచ్చేమో ఆయననే అడగండి. రెండోది గురక. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, రక్తపోటు ఎగబాకుతుంది, గుండె పైగదులు సాగుతాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను రేపేవాటిలో ఇది ప్రధానమైనది. ఈ జబ్బును పట్టించుకోకపోతే, లయను సరిచేయడానికి చేసిన చికిత్సలు కూడా నిలవకుండా పోతుంటాయి. మీ భార్య చూసి భయపడిన దృశ్యాన్ని ఆమె నోటితోనే వైద్యుడికి చెప్పించండి; రోగికి తెలియని లక్షణం కదా అది. ఒక రాత్రి నిద్ర పరీక్షతో సంగతి తేలుతుంది. ఆప్నియా ఉంటే ముక్కుకు గాలి అందించే సీప్యాప్ యంత్రం వాడాలి, బరువు తగ్గించుకోవాలి. ఆ జబ్బుకు మెగ్నీషియం మందు కాదు. నిద్రమాత్రలైతే దాన్ని మరింత ముదరబెట్టగలవు.

మెటోప్రోలాల్ వల్ల కూడా కొందరికి పీడకలలు, కలత నిద్ర వస్తాయి. మీకు అలాంటివి ఉంటే ఆ మాట కూడా చెప్పండి.

ఆహారం విషయంలో మీరు ఎవరి అనుమతికీ ఆగనక్కరలేదు. గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశనగ గుళ్లలో సుమారు 50 మిల్లీగ్రాములు, అంతే బరువు గుమ్మడి గింజల్లో 150 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం ఉంటుంది. రాగి సంకటి, జొన్నరొట్టె, మినుములు, నువ్వులు మన వంటింట్లోవే. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటే మెగ్నీషియం కూడా పోతుంది. రక్తంలో పొటాషియం ఎక్కువగా వచ్చిందంటే మాత్రం గింజలు, పప్పులు ఎంత తినాలో వైద్యుడిని అడిగి తినండి.

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. గుండె లయ కోసం డిగాక్సిన్ వాడుతోంది. మలబద్ధకానికి రోజూ రాత్రి తెల్లటి మెగ్నీషియా సిరప్ తాగుతుంది. రాత్రి నిద్ర లేదంటోంది, పగలంతా మగతగా, నీరసంగా ఉంటోంది, అన్నం సహించడం లేదు. బీపీ మిషన్‌లో నాడి 48 చూపిస్తోంది. నిద్రకు మెగ్నీషియం మాత్ర మొదలుపెట్టమంటారా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దమ్మా. మీ అమ్మగారు రోజూ తాగుతున్న ఆ సిరప్ మెగ్నీషియం హైడ్రాక్సైడే. ఆ వయసులో మూత్రపిండాలు నెమ్మదిస్తే డిగాక్సిన్, మెగ్నీషియం రెండూ ఒంట్లోనే పేరుకుంటాయి. మగత, నీరసం, ఆకలి లేకపోవడం, నాడి నెమ్మదించడం అనే నాలుగూ ఒకచోట కనబడుతున్నప్పుడు, ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎక్కువైందనే ముందుగా అనుమానించాలి. రెండింటికీ ఆసుపత్రిలో మంచి చికిత్స ఉంది.

ఈ జవాబు చదివిన వెంటనే ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సిరప్ ఆపండి. ఈ పూట డిగాక్సిన్ ఇవ్వవలసి ఉంటే ఇవ్వకుండా, ముందు వైద్యుడిని అడగండి. ఈసీజీతో పాటు క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం, వీలైతే డిగాక్సిన్ స్థాయి చూడమని కోరండి. వస్తువులు పసుపుగానో పచ్చగానో కనబడుతున్నాయా అని దారిలో ఆమెను అడిగి, ఏం చెప్పారో వైద్యుడికి తెలియజేయండి. మందుల పెట్టెతో పాటు ఆ సిరప్ సీసాను కూడా తప్పక తీసుకువెళ్లండి; అది మందు కాదనుకుని చాలామంది ఇంట్లోనే వదిలి వస్తారు.