డ్యాక్ కొనే ముందు ఎర్తింగ్ చూపించుకోండి

"ఇంట్లో డెస్క్‌టాప్, ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఉన్నాయి. పాటలు ఇంకా బాగా వినిపించాలంటే ఏ డ్యాక్ కొనాలి?" అని అడిగారు. డ్యాక్ అంటే కంప్యూటర్‌లోని పాటని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె. నా మాట వింటే ఇప్పుడే ఏదీ కొనకండి. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మీ కంప్యూటర్ పెట్టిన ప్లగ్గులో ఎర్త్ ఉందో లేదో చూడమనండి. నేను ఎనిమిది వేలు పోసి నేర్చుకున్న సంగతి ఇది.

మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు. నాన్నగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 1987 శ్రీరామనవమికి మా వీధి పందిట్లో మూడు రాత్రులు హరికథ చెప్పించారు. నాన్నగారు టూ ఇన్ వన్ రేడియో టేపురికార్డరు పట్టుకెళ్లి స్టేజీ అంచున పెట్టి మొత్తం రికార్డు చేశారు. ఆ అయిదు క్యాసెట్లూ అమ్మ పట్టుచీరల కింద బీరువాలో ఉండిపోయాయి. నాలుగేళ్ల కిందట ఓ రోజు ఆయనే, "ఒక్కసారి ఆ దాసుగారి గొంతు వినాలని ఉందిరా" అన్నారు. అప్పటికే ఎనభై దాటాయి ఆయనకి.

బరంపురంలో తెలిసినవాళ్ల దగ్గర నడిచే క్యాసెట్ డెక్ ఒకటి దొరికితే తెచ్చాను. కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆంప్లిఫయర్ పెట్టి వినిపించాను. కథ వినిపిస్తోంది గానీ దాని అడుగున 'బొయ్య్' అని తెగకుండా ఒకటే రొద. దాసుగారు ఊపిరి తీసుకునే చోటల్లా అదే పైకి తేలేది. నాన్నగారు కాసేపు విని, "టేపు పాడైపోయినట్టుందిలే" అని లేచి వెళ్లిపోయారు. ఆ మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

శ్రీకాకుళంలో ఒక షాపువాడు వైరు మార్చమన్నాడు. బంగారు పూత వైరు, పద్దెనిమిది వందలు. రొద పోలేదు. తర్వాత ఆన్‌లైన్‌లో చదివి ఆరు వేలకి యూఎస్‌బీ డ్యాక్ తెప్పించాను. మౌసు కదిపినప్పుడల్లా వచ్చే సన్నటి గరగర పోయింది, అందుకు డ్యాక్ పనికొచ్చింది. ఎందుకంటే ఆ గరగర మదర్‌బోర్డులోని సౌండు భాగం చుట్టుపక్కల చిప్పుల నుంచి పట్టుకునేది. కానీ 'బొయ్య్' మాత్రం అలాగే ఉంది.

రాయగడ నుంచి సెలవులకి వచ్చిన మా మేనల్లుడి లాప్‌టాప్‌తో అసలు సంగతి బయటపడింది. అదే డ్యాక్, అదే వైరు దానికి తగిలిస్తే నిశ్శబ్దం. చార్జర్ పెట్టగానే మళ్లీ రొద. చార్జర్ తీస్తే మాయం. అంటే తప్పు టేపుది కాదు, డ్యాక్‌ది కాదు, మా గోడలో ఉన్న కరెంటుది. అప్పుడు గుర్తొచ్చింది, సిమెంటు నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి మా సీపీయూ డబ్బా ముట్టుకుంటే చేతికి జివ్వుమనేది. కంప్యూటర్లన్నీ అంతే అనుకుని ఏళ్లు గడిపేశాను.

కంప్యూటర్ పవర్ సప్లైలో చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. అవి కొద్దిపాటి లీకేజీని డబ్బాకి పంపుతాయి. అది మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే డబ్బా మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే నూటపది దాకా నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. కానీ అదే ఆడియో వైరులోని లోహపు తొడుగు పట్టుకుని ఆంప్లిఫయర్‌లోకి దారి చేసుకుంటుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ 50, దాని రెట్టింపు 100 మనకి రొదగా వినిపిస్తాయి.

పాతపట్నం నుంచి పెద్దాయన, పాత ఎలక్ట్రీషియన్, వచ్చి బోర్డు విప్పారు. ఆకుపచ్చ వైరు సాకెట్టు వెనకాల మడిచి టేపు చుట్టేసి ఉంది. ఇల్లు వైరింగు చేసినవాళ్లు దాన్ని పిన్నుకి బిగించనే లేదు! పెరట్లో ఎర్త్ గొయ్యి ఎండిపోయి రాయిలా ఉంది. వైరు బిగించి, గోతిలో బొగ్గు, ఉప్పు వేసి నాలుగు బిందెల నీళ్లు పోయించారు. సాయంత్రానికి డబ్బా ముట్టుకుంటే ఏమీ లేదు.

మళ్లీ నాన్నగారిని కూర్చోబెట్టి మొదటి క్యాసెట్ పెట్టాను. రెండు నిమిషాలకి ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. "గజ్జెలు వినిపిస్తున్నాయిరా, చిడతలు వేరు, గజ్జెలు వేరు" అన్నారు. మధ్యలో ఎవరిదో పిల్లాడు తప్పిపోయాడని మైకులో ఒడియాలో చెప్పడం కూడా స్పష్టంగా వచ్చింది. ఆ రాత్రి పన్నెండు దాకా విన్నారు.

అందుకే మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులకి మార్చే కన్వర్టర్లు అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకొందరు రొద పోతుందని మూడో పిన్నే విరిచేస్తారు. అది పాట కోసం ప్రాణాన్ని పణంగా పెట్టడమే, దయచేసి చేయకండి.

మిగిలినవి తొందరగా చెప్పేస్తాను. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌మెంట్లు (శబ్దానికి అదనపు మెరుగులు దిద్దేవి) అన్నీ ఆపేయండి. ఫూబార్2000 అనే పాటల ప్లేయర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో పాటని నేరుగా డ్యాక్‌కి పంపే వాసాపి ఎక్స్‌క్లూజివ్ పెట్టుకోండి. సీడీ పాట 44.1 కిలోహెర్ట్‌జ్, అన్ని ప్రోగ్రాముల చప్పుళ్లనీ కలిపే విండోస్ మిక్సర్ దాన్ని 48కి మార్చకుండా నేరుగా డ్యాక్‌కి వెళ్తుంది. ఆ సమయంలో వేరే ప్రోగ్రాముల చప్పుళ్లు రావు, వినేటప్పుడు అదే హాయి. సీడీలో సెకనుకి 1411 కిలోబిట్లుంటే 128 కిలోబిట్ల ఎంపీత్రీలో దానిలో పదకొండో వంతే. ఆ ఎంపీత్రీని, ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్‌గా మార్చినా పోయింది తిరిగి రాదు, ఫైలు పెద్దదవుతుందంతే. స్పీకర్లని బీరువా మీద, గది మూలల్లో పెట్టకండి. చెవి ఎత్తుకి దించి, మీరూ అవీ కలిసి సమబాహు త్రిభుజంలా ఉండేలా జరపండి. ఎదురు గోడ బోసిగా ఉంటే ఓ బొంత వేలాడదీయండి, మా పెంకుటింటి గదిలో తేడా వెంటనే తెలిసింది.

నాకు అసలు చెప్పాలని ఉన్నది వేరే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరు అజ్జాడ మాకు పెద్ద దూరం కాదు. ఈ పందిళ్లలో ఎన్ని హరికథలు జరిగాయో. మా వీధుల తెలుగు అటువాళ్ల లెక్కలోకీ రాదు, ఇటువాళ్ల లెక్కలోకీ రాదు. అది ఇళ్లలో క్యాసెట్లలోనే ఉంది, అవి ఏటికేడాది బూజు పడుతున్నాయి.

మీ ఇంట్లోనూ ఉంటే ఈ సెలవుల్లోనే తీయండి. డెక్ హెడ్డుని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చాక వినండి. కంప్యూటర్‌లో గులాబీ రంగు మైక్ జాక్‌కి కాదు, నీలి రంగు లైన్ ఇన్‌కి తగిలించండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాములో చేసిన గంట స్టీరియో రికార్డింగు 16 బిట్ వేవ్ ఫైలుగా దాస్తే దాదాపు ఆరు వందల ఎంబీ, ఫ్లాక్ చేస్తే ఇంచుమించు సగం. వీటన్నిటికంటే ముందు క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున ఎవరైనా రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు.