నలభై దాటాక హిందీ వస్తుందా? మిర్చి యార్డులో నాకెలా వచ్చిందంటే

"నాకు 43 ఏళ్ళు. అబ్బాయికి ఇండోర్‌లో ఉద్యోగం, మేమూ అక్కడికే వెళ్తున్నాం. ఈ వయసులో హిందీ మాట్లాడటం వస్తుందా? ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?" అని అడిగారు. వస్తుందండీ. నాకు 41వ ఏట వచ్చింది. పుస్తకం సంగతి మాత్రం కాసేపు పక్కన పెట్టండి.

పత్తిలో వరసగా రెండేళ్ళు దెబ్బతిని, ఉన్న పొలం కౌలుకిచ్చేసి, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేరాను. హిందీ వచ్చనే షావుకారు గారు నన్ను పెట్టుకున్నారు. బళ్ళో చదివింది కాక, దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ళ ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష మూడూ పాసయ్యాను మరి. సర్టిఫికెట్లు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

మార్చి నెల, సీజను మంచి ఊపు మీదుంది. యార్డు నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఘాటుకి ఎటు చూసినా దగ్గులే. షావుకారు గారు ఊళ్ళో లేరు. ఉత్తరాది పార్టీ ఫోన్ చేశాడు. "తేజా, పౌనే దో సౌ బోరీ భేజ్ దో" అన్నాడు, తేజా రకం మిర్చి అన్ని బస్తాలు పంపమని. కాటా దగ్గర కేకల్లో నాకు 'దో సౌ', అంటే రెండు వందలు, స్పష్టంగా వినబడింది. 'పౌనే' అన్నది ఏ పాఠంలోనూ చదివిన గుర్తు లేదు. ఊతపదం కాబోలు అనుకున్నాను. మళ్ళీ అడగడానికి నామోషీ. రెండు వందల టిక్కీలు లోడెత్తించాను.

రాత్రి తొమ్మిదింటికి తాడు బిగిస్తూ లారీ డ్రైవరు, రాజస్థాన్ ఆయన, చీటీ చూసి ఆగిపోయాడు. "పౌనే దో సౌ బోలా థా నా?" అన్నాడు, చెప్పింది పౌనే దో సౌ కదా అని. పౌనే దో సౌ అంటే నూట డెబ్భై అయిదట. నాకు కాళ్ళు చల్లబడిపోయాయి. బస్తాలెత్తే ముఠావాళ్ళు అప్పటికే ఇళ్ళకి వెళ్ళిపోయారు. వాళ్ళ మేస్త్రి ఇంటికెళ్తే, స్నానం చేసి కంచం ముందు కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి, చెయ్యి కడుక్కుని లేచొచ్చాడు. పాతిక టిక్కీలు, ఒక్కోటీ నలభై కిలోల పైమాటే. ఆ రాత్రి కూలి నా జేబులోంచే ఇచ్చాను. డబ్బు సంగతి మరిచిపోయాను గానీ, ఆ మనిషి అన్నం వదిలేసి లేవడం మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

దింపుడు అయ్యేలోగా డ్రైవరు నన్ను పిలిచి పట్టా మీద నాలుగు మిరపకాయలు పేర్చాడు. "యే ఏక్." నాలుగు పావులు కలిపి ఒకటన్నమాట. ఒకటి తీసేశాడు, "పౌన్." అయిదు పెడితే సవా. ఆరు డేఢ్. పది ఢాయీ. ఏడు పెట్టి నా వంక చూశాడు. నేనే చెప్పాను, "పౌనే దో." రెండుకి పావు తక్కువ! గడియారం చూసి మనమూ 'పావుతక్కువ రెండు' అంటాం కదండీ. చిన్నప్పటి నుంచి నా నోట్లో ఉన్న లెక్కే. మూడు పరీక్షలు పాసైనా రానిది ఏడు మిరపకాయలతో వచ్చింది.

అందుకే అంటున్నాను, మాట తప్పితే నష్టం ఎవరికో ఒకరికి తగిలే చోటే భాష ఒంటబడుతుంది. వయసుకీ దీనికీ సంబంధం లేదు. పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నాడని చాలామంది బ్రౌను దొరని ఉదాహరణ చెబుతారు. ఆయన 1817లో మద్రాసు వచ్చేనాటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు, చెప్పడానికి పక్కన పండితులున్నారు. నిఘంటువు 1852లో గానీ బయటికి రాలేదు. మనకి కావలసింది నిఘంటువు కాదు, బేరం.

బళ్ళ మీద నాకు కోపం ఉంది. పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకి 35 మార్కులు రావాలి, హిందీకి 20 చాలు. పిల్లలకి అర్థమైపోతుంది, ఇది ఎవరికీ అక్కర్లేని పాఠమని. చెప్పేదేమో ఆడలింగం, మగలింగం. తెలుగులో అమ్మాయి వచ్చింది, లారీ వచ్చింది, క్రియ ఒకటే. హిందీలో అదే బండి, గాడీ అంటే 'ఆయీ', ట్రక్ అంటే 'ఆయా'. ఇందులో తప్పు పోయినప్పుడల్లా మార్కు కోసి, నవ్వి, పిల్లల నోరు మూయించేశారు. నేను పదిహేడేళ్ళుగా 'మిర్చీ అచ్ఛీ హై' అనాల్సిన చోట 'మిర్చీ అచ్ఛా హై' అనే అంటున్నాను. ఒక్క బేరం కూడా పోలేదు. ఉనాసీకీ నవాసీకీ తేడా తెలియకపోతే మాత్రం పోతుంది, 79కి 89 ఇచ్చుకోవాలి.

మా మేనల్లుడు బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లీషుకి వేలు పోశాడు. రోజూ ఫోన్‌లో యాప్ తెరిచి బొమ్మలకి పేర్లు చెబుతాడు. యార్డుకి విదేశీ కొనుగోలుదారు వస్తే నా వెనక నిలబడ్డాడు. వాణ్ణి తప్పు పట్టను, ఆ బొమ్మలెప్పుడూ వాణ్ణి ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

మీరు ఇండోర్‌లో దిగిన మర్నాడే కూరగాయల బజారుకి వెళ్ళండి. పావ్ కిలో, ఆధా కిలో, పౌన్ కిలో, సవా కిలో, డేఢ్ కిలో, ఈ అయిదూ రైల్లోనే కంఠతా పట్టండి. అర్థం కాకపోతే వెంటనే "ఫిర్ సే బోలియే", మళ్ళీ చెప్పండి, అనండి, నాలాగా మొహమాటపడకండి. అబ్బాయిని మాత్రం వెంట తీసుకెళ్ళొద్దు. పక్కనుంటే మీ బదులు వాడే మాట్లాడేస్తాడు.