జూ కీపర్ కావాలంటే...

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి జూ కీపర్ అవుతానంటోంది. ఇప్పటి నుంచే ఏం చేయాలి?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఆ కోరికను చిన్నపిల్లల ముచ్చటగా తీసిపారేయకండి. అయితే ఆ పని ఎలా ఉంటుందో ఆమెకు ముందే తెలియాలి. కీపర్ రోజు మొదలయ్యేది జంతువును ముద్దు చేయడంతో కాదు. తాళాలు సరిచూసి, రాత్రి పెట్టిన మేతలో ఎంత మిగిలిందో, పేడ గట్టిగా ఉందో పలుచగా ఉందో, నడకలో కుంటు ఏమైనా ఉందో గమనించి రాసుకోవడంతో. అడవి జంతువు జబ్బును వీలైనంత వరకు పైకి కనబడనీయదు కనుక, దాన్ని రోజూ చూసే ఆ మనిషి కళ్లే పశువైద్యుడికి మొదటి ఆధారం. ఈ పనికి మన దగ్గర తగిన గౌరవం దక్కడం లేదన్నది నా బాధ.

1963లో ప్రారంభమైన నెహ్రూ జూ పార్కు మీ ఊళ్లోనే ఉంది. ఈసారి వెళ్లినప్పుడు అన్నీ చుట్టి రాకుండా, ఒకే జంతువు ముందు గంటసేపు కూర్చుని, అయిదు నిమిషాలకోసారి అది ఏం చేస్తోందో నోటుపుస్తకంలో రాయమనండి. ఏనుగు గడ్డిని కాలికేసి కొట్టి, మట్టి దులిపి తినడం లాంటివి అలా ఓపికగా చూస్తేనే కంటబడతాయి. సెలవుల్లో విద్యార్థులకు శిబిరాలున్నాయేమో జూ కార్యాలయంలో అడగండి. వీధికుక్కకు నీళ్లు పెట్టడం, దాని గిన్నె రోజూ కడగడం కూడా మంచి అభ్యాసమే.

చదువు విషయానికొస్తే, ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే అయిదున్నరేళ్ల పశువైద్య డిగ్రీకీ, జంతుశాస్త్రానికీ దారి ఉంటుంది. జూలో డాక్టరుగానో, బయాలజిస్టుగానో చేరడానికి అవి పనికొస్తాయి.