వాల్వా, ట్రాన్సిస్టరా? ముందు స్పీకర్లను చూడండి

ప్రశ్న: 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న మా హాలులో పాత సినిమా పాటలు, కర్ణాటక సంగీత కచేరీలు వింటుంటాను. నా స్పీకర్లు చిన్నవి. సెన్సిటివిటీ 86 డెసిబెల్స్, ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకరు చూపే నిరోధం) 8 ఓమ్‌లు అని వాటి వెనుక రాసి ఉంది. చిన్నతనంలో మా నాన్నగారి వాల్వు రేడియోలో విజయవాడ కేంద్రం భక్తిరంజని విన్న మాధుర్యాన్ని మరువలేక, 300బి అనే వాల్వుతో పనిచేసే 8 వాట్ల ట్యూబు (వాల్వు) యాంప్లిఫయర్ కొనాలనుకుంటున్నాను. మిత్రులు అదే ధరకు 60 వాట్ల సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్ల) యాంప్లిఫయర్ తీసుకోమంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఈ స్పీకర్లనే ఉంచుకునేటట్లయితే సాలిడ్ స్టేట్ తీసుకోండి. ఒక వాటుకు మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు, 8 వాట్లకు 95 దాకా వెళుతుంది. మీరు కూర్చునే 9 అడుగుల దూరానికి, రెండు స్పీకర్లూ కలిసి పలికినా, అది 92 దగ్గర ఆగిపోతుంది. కచేరీలో మృదంగం దెబ్బ సగటు ధ్వని కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది కాబట్టి, కాస్త గట్టిగా వింటే 8 వాట్లు చాలవు. ట్యూబు యాంప్లిఫయర్ అప్పుడు కూడా కరకరలాడదు. దెబ్బలోని పదును మాత్రం మెత్తబడిపోతుంది, అది లోపమని కూడా చాలామందికి తోచదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 8 ఓమ్‌లు అని రాసిన స్పీకరు నిజానికి ఒక స్వరస్థాయిలో 4 ఓమ్‌లకు దిగి, మరొకచోట 20 ఓమ్‌లకు ఎక్కవచ్చు. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు సరిదిద్దే ఏర్పాటు) లేని 300బి యాంప్లిఫయర్లలో అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్లిఫయర్ సొంత నిరోధం, 2 ఓమ్‌ల దాకా ఉండడం మామూలే. అటువంటప్పుడు ఆ రెండు చోట్ల మధ్య ధ్వనిలో సుమారు 2.7 డెసిబెల్స్ తేడా వస్తుంది. ట్యూబు మాధుర్యం అని మనం మెచ్చుకునేదానిలో సెకండ్ హార్మోనిక్‌తో (స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో వాల్వు అదనంగా చేర్చే ధ్వనితో) పాటు ఈ హెచ్చుతగ్గుల పాలు కూడా ఉంటుంది. ఒక స్పీకరుతో అది వీనులవిందు కావచ్చు, మరొకదానితో బాస్ బరువెక్కి గాత్రం వెనకబడవచ్చు. సాలిడ్ స్టేట్‌లో ఈ ఇంపెడెన్స్ సాధారణంగా ఓమ్‌లో పదో వంతు కంటే తక్కువ కాబట్టి ఆ బెడద లేదు.

మీ నాన్నగారి రేడియో మాధుర్యం నిజమైనదే, కానీ అది వాల్వు ఒక్కదాని ప్రతిభ కాదు. మీడియం వేవ్‌లో 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ వినిపించేది కాదు. పెద్ద కర్రపెట్టె, తక్కువ శక్తికే గట్టిగా పలికే కాగితపు కోన్ స్పీకరు కలిసి ఆ గొంతును తయారుచేశాయి. 300బి కొన్నంత మాత్రాన అది తిరిగి రాదు.

మన ఎండల సంగతీ చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో, పాట ఉన్నా లేకున్నా 100 వాట్లకు పైగా వేడి కక్కే పెట్టె పక్కన కూర్చోవడం కష్టం. 230 వోల్టుల కరెంటు 250కి పెరిగితే 300బి లోని 5 వోల్టుల ఫిలమెంటుకు 5.4 దాటి అందవచ్చు, వాల్వు ఆయుష్షు తరుగుతుంది; అందుచేత స్టెబిలైజరు ఖర్చు కూడా కలుపుకోవాలి. లోపల 400 వోల్టులు దాటి కూడా ఉండవచ్చు, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో పైన జాలీ లేనిది కొనకండి.

సెన్సిటివిటీ 95 డెసిబెల్స్ దాటిన స్పీకర్లు తీసుకునే ఆలోచన ఉంటే నా సలహా మారుతుంది. అలాంటి స్పీకర్లు, 300బి జోడీతో గాత్రం, వయొలిన్ వినడం నాకూ ఎంతో ఇష్టం. ఏదైనా మీ స్పీకర్లను దుకాణానికి తీసుకువెళ్లి, రెండు యాంప్లిఫయర్ల ధ్వనినీ ఫోనులోని డెసిబెల్ మీటరుతో సమానం చేసుకుని, మీకు బాగా తెలిసిన పాటతోనే పోల్చండి, ఎందుకంటే కొంచెం గట్టిగా పలికినదే చెవికి మెరుగ్గా తోస్తుంది.